ఆటో ఇమామ్

"ఆటో ఇమ్యూన్ అంట లతా. ఏండ్ల నుంచి ఉన్నట్టుంది, నాకే తెలీలేదు. ఇంక బతికినన్నాళ్లూ వదలదంట. ఇంట్లో ఎట్ల చెప్పేదో!"

జొన్నరొట్టె తడుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మా చెల్లెలు ప్రేమలతతో నేనన్న మాటలివి. గడప అవతల మా అత్త చౌడమ్మ చెవిలో పడేసరికి ఇమ్యూన్ కాస్తా ఇమామ్ అయింది. మా ఎమ్మిగనూరు స్టాండులో ఆటో తోలే ఇమామ్ ఉండనే ఉన్నాడు. సాయంత్రానికి సంగతి మా ఆయన ఉరుకుందప్పకు చేరింది. పేరులోనే ఉరుకు ఉన్న మనిషి, అనుమానంలోనూ అంతే.

"ఆదోనికి ఏంటికి పోయినావు?" "బస్సులోనా, ఆటోలోనా?" "ఒక్కదానివేనా?" మూడు రోజులు ఇవే ప్రశ్నలు. నేను స్నానానికి వెళితే నా ఫోను ఆయన చేతిలో. బీరువాలో చీరల మడతలు మారాయి. జుట్టు ఊడి దువ్వెన నిండుతున్నా, మెడ వాచినా, బడిలో సుద్దముక్క పట్టుకుని నిలబడలేకపోతున్నా ఏడాదిగా నన్ను చూడని కళ్లు ఇప్పుడు నా నీడను కూడా సోదా చేస్తున్నాయి. నాకూ అనుమానమే, నేను దాచిన ఆదోని ఆసుపత్రి రిపోర్టు దొరికిందేమోనని. అలసటగా ఉందన్నప్పుడల్లా "బడి మానెయ్" అనేవాడు. వంట మానెయ్ అని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఆదోని డాక్టరమ్మ రిపోర్టు విడమరిచి చెప్పింది. ఒంటిని కాయాల్సిన కావలివాళ్లే మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథిని దొంగనుకుని కొడుతున్నారట. రిపోర్టు ఆఖరి వరుసలో ఉన్నది వాళ్ల లెక్కే. దెబ్బలకు గ్రంథి నీరసపడింది. పని చెయ్యమని మెదడు దాని మీద వేసే కేక టీఎస్‌హెచ్. పని తగ్గేకొద్దీ కేక పెరుగుతుంది. నాకు వెంటనే అర్థమైంది. కోడలు కూర్చుంటే అత్త గొంతు లేస్తుంది, అంతేగా!

ఆదివారం మా ఆయన ఇమామ్‌ను ఏకంగా ఇంటికే తెచ్చాడు. అరవై ఐదేళ్లు, తెల్లగడ్డం.

"ఈమె నీకు తెలుసునా?"

"మా మనవరాలి తెలుగు టీచరమ్మ గదప్పా! ఏమైంది?"

"బతికినన్నాళ్లూ వదలడంట! నా చెవులతో ఇన్నా" అంది అత్త.

నవ్వొచ్చింది. నిలవలేదు. రిపోర్టు తెచ్చి ముగ్గురి ముందూ పరిచాను.

"ఇమామ్ కాదత్తా, ఇమ్యూన్. ఆటో అంటే ఈడ బండి కాదు. నా ఒళ్లు నన్నే అనుమానించే రోగం. ఒంట్లో ఉండేదీ అదే, ఇంట్లో ఉండేదీ అదే."

ఉరుకుందప్ప ముఖం విచ్చుకుంది. "రోగమేనా! నేనేమో... సరే, రేపట్నించి బడి మానెయ్."

"నొప్పుందా తల్లీ?" అని అడిగింది ఇమామ్ మామ ఒక్కడే.

అత్త సర్దుకుంది. "పెద్దాయన వచ్చినాడు. టీ పొయ్ మల్లేశ్వరీ."

నేను లేవలేదు. రిపోర్టులో ఆఖరి వరుస మీద వేలుపెట్టాను. "యాంటీ టీపీఓ. ముప్పై లోపల ఉండాల్సింది ఆరు వందలుంది. రేపట్నించి పరగడుపున మాత్ర. అది మింగినాక అరగంట నేను టీ తాగకూడదు. తాగకూడని టీ కాయను కూడా కాయను. బడికి మాత్రం పోతా. ఇప్పుడు మామకు టీ నీ కొడుకు పోస్తాడు."

"టీపీఓ అంటే ఏంది?" అన్నాడు ఉరుకుందప్ప, గిన్నె ఎక్కడుందో తెలియక వంటింట్లో నిలబడి.

"ఇరవై ఏండ్లుగా ఈ ఇంట్లో నాకు ఇనబడే మాటే గదప్పా. టీ పొయ్! నా రక్తం దానికి యాంటీ."