గోడ సంగతి

రేవు పక్క పాతపేటలో ఇల్లు అమ్మదలుచుకున్నవాళ్ళు బ్రోకరు కంటే ముందు రంగుల మేస్త్రికి కబురు పెట్టేవారు. అక్కడివన్నీ ముత్తాతల నాటి ఇళ్ళు, మూరెడు మందం ఇటుక గోడలు. నీళ్ళ ఒడ్డున నిలబడ్డ గోడలు కాబట్టి అడుగు నుంచి చెమ్మ పీలుస్తూనే ఉంటాయి. వానాకాలం వెళ్ళేసరికి లోపలి ఉప్పు తెల్లగా పైకి పొంగి, రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి నేల మీద పడుతుంది. మేస్త్రి వచ్చి ఆ పొంగు గీకేసి, లప్పం పెట్టి, నూనె రంగు రెండు పూతలు వేశాడంటే గోడ పెళ్ళికూతురిలా తయారయ్యేది. ఒక్క వానాకాలం ఓర్చుకునేది. అంతకంటే అక్కర్లేదు, ఆలోగా ఇల్లు చేతులు మారిపోయేది.

"అమ్మేవాడి నోరూ నాది కాదు, కొనేవాడి కళ్ళూ నావి కావు. నాదల్లా కుంచె ఒక్కటే" అని మేస్త్రి అంటుండేవాడు. ఎవరూ అడక్కపోయినా అనేవాడు.

ఇంతమంది ఇళ్ళకి మెరుగులు దిద్దిన మనిషికి సొంత ఇల్లు లేదు. భార్య రేవులో లాంచీ టికెట్ల కౌంటరులో ఉద్యోగం చేసేది. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరూ తాళ్ళ గోదాము వెనక సందులో రెండు గదుల్లో అద్దెకుంటున్నారు. ఆ చలికాలం ఇంటాయన వచ్చి, ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకి గదులు కట్టి అద్దెకిచ్చుకుంటానని, ఆరు నెలల్లో ఖాళీ చేసి పెట్టమని చెప్పి వెళ్ళాడు.

ఆయన వీధి చివరకి వెళ్ళేదాకా ఆగి భార్య అంది: "ఇంక అద్దెకొద్దండీ. చిన్నదో చితకదో మనదంటూ ఒకటి కొందాం. ఎవడో వచ్చి లెమ్మంటే లేచి నిలబడే వయసా మనది?"

కౌంటరులో కూర్చునే మనిషికి ఊరి కబుర్లన్నీ కాళ్ళ దగ్గరికే వస్తాయి. ఫలానా వీధిలో ఫలానా ఇల్లు అమ్మకానికుందని వినడం, సెలవు రోజున వెళ్ళి చూడ్డం, నచ్చక తిరిగి రావడం. రెండు నెలలు ఇదే పని. అప్పుడు బ్రోకరు ఒకడు ఎదురుపడ్డాడు. మాట్లాడితే చెవిలో తేనె పోసినట్టుంటుందని ఊళ్ళో అతన్ని తేనెసీసా అనేవారు. "వదినగారూ, మీకోసమే పుట్టిందా ఇల్లు. లెక్కల టీచరుగారిది. ఒంటిమనిషి, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతారట. చూడండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ముగ్గురూ బయల్దేరారు. సందు మలుపు తిరగ్గానే మేస్త్రి ఆ ఇంటిని గుర్తుపట్టాడు. ఆకుపచ్చ తలుపు, రెండు మెట్లు, తలుపు పక్కన గుండ్రటి కిటికీ. నాలుగేళ్ళ క్రితం వారం రోజులు ఆ మెట్ల మీద కూర్చునే అతను టీ తాగాడు.

అప్పట్లో ఆ ఇల్లు వేరేవాళ్ళది. వెనక గదిలో గోడ ఛాతీ ఎత్తు దాకా నానిపోయి ఉంది. మామూలుగానే గీకాడు, లప్పం పెట్టాడు, రంగు వేశాడు. చివరి రోజున స్టూలు మీద నిలబడి ఉండగా ఇల్లు చూసుకోవడానికి ఒకావిడ వచ్చింది. అమ్మే మనిషి ముందు గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. ఆవిడ వెనక గదిలోకి వచ్చి, గొంతు తగ్గించి, "మేస్త్రీ, వాళ్ళని అడిగితే అంతా బాగుందనే అంటారు. నిన్ను అడుగుతున్నా. ఈ గోడ పొడిగా ఉంటుందా?" అంది.

ముప్ఫై ఏళ్ళలో అతన్ని అలా సూటిగా అడిగినవాళ్ళు లేరు. ముక్కుకీ నోటికీ కట్టుకున్న గుడ్డలోంచి, "రాయిలా ఉందమ్మా" అన్నాడు.

ఇప్పుడు తలుపు తీసింది ఆవిడే. మనిషి చిక్కిపోయింది. మాట మధ్యలో దగ్గు వస్తే గోడ పట్టుకుని ఆగుతోంది. మేస్త్రి మొహం వంక చూసింది కానీ పోల్చుకోలేదు.

మేస్త్రి భార్యకి ఇల్లు గడప దగ్గరే నచ్చేసింది. ముందు గదిలో మధ్యాహ్నం దాకా ఎండ ఉంటుంది. చిన్న వంటిల్లు, చేతికందే అలమరలు. పైన ఒక గది, దాని కిటికీలోంచి రేవూ, పడవలూ. ఆమె అలమర తలుపులు తీసి వేసి, తీసి వేసి చూసింది. తేనెసీసా వెనక నిలబడి తల ఊపుతున్నాడు.

"అన్నీ చూశారుగా, ఇక చూడాల్సింది చూడండి" అంటూ టీచరు వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. గోడ నిండా తెల్లటి పొంగు. రంగు పొరలుగా లేచి, ముట్టుకుంటే రాలుతోంది. గది నిండా తడిసిన అట్టల వాసన.

"ఇవన్నీ చూపించక్కర్లేదు టీచరుగారూ, చిన్న రిపేరు..." అని తేనెసీసా అందుకోబోయాడు.

"మీరు ఆగండి. నాకు జరిగింది ఇంకొకళ్ళకి జరగనివ్వను" అంది టీచరు. "కొన్న మొదటి వానాకాలం బాగానే ఉందమ్మా. రెండో ఏడు మొదలైంది. నా పడక ఈ గదిలోనే. దగ్గు పట్టుకుంది. డాక్టరేమో ముందు ఆ ఇల్లు మారమంటున్నాడు."

మేస్త్రి భార్య జాలిపడింది. ఆ వెంటనే గర్వంగా, "మా ఆయన రంగుల మేస్త్రేనండీ. గోడ చూస్తే జాతకం చెప్పేస్తారు. చెప్పండీ, బాగవుతుందా ఇది?" అంది.

టీచరు అతని వైపు తిరిగి నవ్వింది. "క్రితంసారి కూడా ఒక రంగుల మేస్త్రినే అడిగాను. పనిచేసే మనిషికి అబద్ధమాడే పనేముందిలే అనుకున్నాను."

మేస్త్రి గోడ వైపు తిరిగాడు. "చూసి... చెప్తానండీ" అని బయటికి వచ్చేశాడు.

రేవు గట్టు మీద నడుస్తూ భార్య ఒకటే మాటలు. మంచం ఎక్కడ, కుట్టుమిషను ఎక్కడ, కిటికీకి ఏ రంగు తెర. మంచి మనిషి, ఉన్న లోపం ఉన్నట్టు చెప్పింది, ఈ రోజుల్లో ఎవరు చెప్తారు అంది. లాంచీల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి ఆగిపోయాడు. "ఆ మేస్త్రిని నేనే" అన్నాడు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టు మీది బల్ల మీద కూలబడింది. అతను మొత్తం చెప్పాడు, ముక్కుకి కట్టుకున్న గుడ్డతో సహా.

"ఆవిడకి చెప్పండి."

"చెప్తే మనకి ఇల్లు ఇస్తుందా?"

"ఇవ్వకపోతే పోనీ. చెప్పకపోతే ఆ ఇంట్లో నేను అడుగు పెట్టను. ఈ ఇంట్లో మీకు కంచం పెట్టను."

ఆ రాత్రి కంచమైతే పెట్టింది కానీ పక్కన కూర్చోలేదు. మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. తేనెసీసా. "అన్నా, నీ నోరు మంచిది, నిన్న ఆ గోడ గురించి ఏమీ అనలేదు. ఇదిగో, పొరుగూరి నుంచి పెద్ద పార్టీ ఒకటి వస్తోంది. టీచరమ్మకి నేను నచ్చజెప్తాను. రెండు పూతలు కొట్టెయ్, మీకు ఇంకో ఇల్లు నేను చూసిపెడతాగా."

"ఆ గోడకి నేను రంగు వెయ్యను" అన్నాడు మేస్త్రి.

"నువ్వు కాకపోతే ఊళ్ళో కుంచెలు లేవా?"

మేస్త్రి చెప్పులేసుకుని నేరుగా టీచరు ఇంటికి నడిచాడు. లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు. మెట్టు కింద నిలబడే చెప్పాడు. టీచరు తలుపు చెక్క పట్టుకుని విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"నేను రెండుసార్లు అడిగాను, గుర్తుందా?" అంది చివరికి.

"ఒక్కసారే కదమ్మా..."

"రెండుసార్లు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి మళ్ళీ అడిగాను. నువ్వు తల ఊపావు."

అది అతనికి నిజంగా గుర్తు లేదు. ఆవిడ తలుపు వేసుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు ఆవిడే ఫోను చేసింది. పలకరింపు లేదు. "నీకు గోడ కప్పడమేనా, బాగుచెయ్యడం కూడా వచ్చా?"

"వచ్చమ్మా. మా మామ దగ్గర నేర్చుకున్నాను. ఎవరూ చేయించుకోరు. ఆలస్యమవుతుందని."

"రేపు రా."

కూలి మాట ఆవిడ ఎత్తబోతే చేతులు జోడించాడు. ఆవిడ మంచాన్ని ముందు గదిలోకి మార్చి పని మొదలుపెట్టాడు. నూనె రంగు, దాని వెనక లప్పం, దాని వెనక ఎవడో మెత్తిన సిమెంటు. అన్నీ చెక్కి ఇటుక బయటపెట్టాడు. టీచరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. సిమెంటు ఎందుకు తీస్తున్నావు? గోడ ఊపిరాడక చస్తోందమ్మా. సున్నమే ఎందుకు? సున్నం చెమ్మని బయటికి పోనిస్తుంది. ఎన్నాళ్ళు ఆరాలి? ఆరు వారాలు. మొదట్లో ఆవిడ అడగడం నిలదీసినట్టుండేది. పోనుపోను పాఠం అడిగినట్టయింది. రెండో వారంలో టీ రెండు కప్పుల్లో వచ్చింది.

పదో రోజున గోడ లోపల దాగున్న వాన నీటి గొట్టం బయటపడింది. ఎప్పుడో పగిలింది. కప్పు మీది నీళ్ళన్నీ ఏళ్ళ తరబడి గోడ కడుపులోకే పోతున్నాయి. దాన్ని మూసేసి, బయట వైపున కొత్త గొట్టం దించాడు. సున్నపు పూత ఆరేసరికి గదిలో వాసన పోయింది. టీచరు మెట్లెక్కి పై గదికి వెళ్ళి, ఎక్కడా దగ్గుతో ఆగకుండా దిగి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు. పొడిగా ఉంటుందా?"

మేస్త్రి గోడ మీద చెయ్యి వేశాడు. "ముప్పాతిక వంతు ఉంటుందమ్మా. అడుగున మోకాలెత్తు మాత్రం తడి పోదు. పోటు నీళ్ళు వచ్చినప్పుడల్లా కాస్త పొంగుతుంది. రెండేళ్ళకోసారి సున్నం వేసుకోవాలి. ఈ ఒడ్డున అంతకంటే పొడి గోడ నేనైతే చూళ్ళేదు."

టీచరు కూడా గోడ మీద చెయ్యి వేసి చూసింది. "ఈ మాట ఆ రోజే చెప్పినా కొనేదాన్నేమో. ఈ ఎండ, ఈ కిటికీ చూసుకుని. మంచం మాత్రం ఈ గోడకి వేసేదాన్ని కాదు."

అతను తల దించుకున్నాడు. ఆవిడ క్షమించానని అనలేదు, అతనూ అడగలేదు.

మరుసటి వారం టికెట్ల కౌంటరు ముందు లైనులో టీచరు కనబడింది. వంతు రాగానే కిటికీలోకి వంగి, "అవతలి ఒడ్డుకి ఒకటి ఇవ్వమ్మా. ఇంకో మాట. నేను ఇల్లు అమ్మడం లేదు. ఇప్పుడు ఉండగలను. నీకు ముందు చెప్పాలని వచ్చాను" అంది.

వెనక ఎవరో "లాంచీ వెళ్ళిపోతోందండీ" అని అరిచారు. మేస్త్రి భార్య టికెట్టు ఇచ్చింది, చిల్లర ఇచ్చింది, "మంచిదండీ, ఉండండి" అంది. డ్యూటీ అయ్యేదాకా కళ్ళు తుడుచుకోలేదు.

ఇంటికి వచ్చాక మాత్రం ఊరుకోలేదు. "ఊరందరి గోడలూ చెడగొట్టారు. జన్మకో గోడ బాగుచేశారు. అదీ నేను కొనుక్కుందామనుకున్న ఇంటిది!" అని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ తన మాటకి తనకే నవ్వొచ్చి నవ్వింది. నవ్వాలో వద్దో తెలియక మేస్త్రి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

గడువు ఇక రెండు నెలలు. తేనెసీసా ఫోను ఎత్తడం మానేశాడు. పైగా మేస్త్రి అడుగుపెడితే బేరం చెడుతుందని బ్రోకర్లందరికీ చాటాడు. పని సగానికి పడిపోయింది. అప్పుడు టీచరే కబురు చేసింది. తన దగ్గర చదువుకున్న పిల్ల తండ్రి, గడియారాలు బాగుచేసే ఆయన, చూపు మందగించి కొట్టు మూసేస్తున్నాడు. పైన ఇల్లు, కింద కొట్టు. చేపల వీధి చివర.

మేస్త్రి, భార్య, టీచరు ముగ్గురూ వెళ్ళారు. అది ఇల్లు అనాలో, నిలబెట్టిన పెట్టె అనాలో తెలియలేదు. అంతస్తుకి ఒక గది, మూడు అంతస్తులు, మధ్యలో చీకటి మెట్లు. గడియారాలాయన మర్యాదగా బయటికి వెళ్ళి నిలబడ్డాడు. మేస్త్రి భార్య చేతులు కట్టుకుని, "చెప్పండి. ఒక్కటీ దాచకుండా" అంది.

"కింద గోడలు నడుము దాకా తడి. రెండో అంతస్తు నేల వీధి వైపుకి వాలింది, గోళీ వేస్తే దొర్లుకుంటూ పోతుంది. కప్పు పెంకులు ముప్ఫై దాకా మార్చాలి."

"ఇంకా?"

"చేపల వాసన."

"అది నాకూ తెలుస్తోంది. ఇంకా?"

"మెట్లలో ఒకటి వదులు. ఎక్కేటప్పుడు చూశాను. దూలాలు మాత్రం గట్టివి. నూరేళ్ళైనా కదలవు."

ఆమె టీచరు వంక చూసింది. టీచరు భుజాలెగరేసింది, "నన్నడక్కమ్మా, ఉండేది నువ్వు" అన్నట్టు. మేస్త్రి భార్య పైకి ఎక్కి, మూడో అంతస్తు గదిలో ఒక్కత్తే కాసేపు ఉండి, దిగి వచ్చింది. "కొందాం" అంది.

రిజిస్ట్రేషను నెల తిరక్కుండా అయిపోయింది. కాపురం మార్చే రోజు అన్నీ మెట్లెక్కాయి, ఆమె పుట్టింటి బీరువా తప్ప. నిలువునా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు. చివరికి మేస్త్రీ, తోటి పనివాళ్ళిద్దరూ పై కిటికీ చట్రం ఊడదీసి, తాళ్ళు కట్టి బయట నుంచి లాగారు. చేపలమ్మేవాళ్ళంతా బుట్టలు దించి నోళ్ళు తెరుచుకుని చూశారు. టీచరు వీధి మధ్యలో నిలబడి, "ఎడమ కోణం తగ్గించు! తగ్గించమన్నానా, పెంచుతావేం?" అని తరగతిలో అరిచినట్టు అరిచింది.

బీరువా కిటికీలో సగం దూరి ఇరుక్కుపోయింది. లోపల్నుంచి మేస్త్రి భార్య గొంతు వినబడింది: "ఆగండాగండి, నేను పట్టుకున్నా! తోయండి!"

అందరూ కలిసి తోశారు. ధబ్బున చప్పుడైంది. ఆ వెనకే ఆమె నవ్వు. బీరువా ఒక కాలు విరిగిందట. ఫర్వాలేదు, దానికి ఒక ఇటుక పెట్టమని అరిచింది.