ఎడమ మడమ కింద గాటు

నా చెప్పులు మా బావమరిది దొంగిలించాడు. ఇందులో అనుమానం లేదు.

మా ఆవిడ పోవడానికి ముందటి ఏడాది ఒకే కొట్లో, ఒకే కొలతవి, ఒకే రంగువి మూడు జతలు కొన్నది. ఒకటి నాకు, ఒకటి తన తమ్ముడికి. మూడోది ఎవరికని నేను అడగలేదు. ఆవిడను ఏదీ అడిగే అలవాటు నాకు లేదు. నేను వడ్రంగిని. ఒకేలా ఉన్న ముక్కలు కలిసిపోకుండా ఉలితో గాటు పెడతాం. అలాగే నా ఎడమ చెప్పు మడమ కిందా పెట్టుకున్నాను. ఆవిడ కొనిపెట్టినవాటిలో నాకు మిగిలింది ఆ జత ఒక్కటే.

శుక్రవారం నమాజు నుంచి ఇంటికొచ్చి చెప్పు తిరగేస్తే గాటు లేదు.

మూడు రోజులు నా కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ, రంపం ఆపి మరీ, మా బావమరిది దొంగ అని చెప్పాను. నాలుగో రోజు వాడే వచ్చాడు. వాడిది పుస్తకాలకు అట్టలు కట్టే పని. కట్టేవన్నీ చదువుతాడు, అదీ వాడి జబ్బు. మారితే మారి ఉండొచ్చు, చూసుకోలేదన్నాడు. తన మనసులో దొంగబుద్ధి లేనప్పుడు అది దొంగతనం ఎలా అవుతుందని, అల్లా చూసేది నియ్యత్, లోపలి ఉద్దేశం కదా అని మొదలుపెట్టాడు.

"పొరపాటున కోసినా, పగబట్టి కోసినా, చెక్క అంగుళం కురచైతే కురచే," అన్నాను. "తప్పనేది నీ బుర్రలో పుట్టింది కాదు. పైవాడు గీసిన గీత."

"గీత గీసినవాడే మనసు కూడా చూస్తానన్నాడు, బావా."

తేలలేదు. ఇమాము గారి దగ్గరికి పోయాం. ఆయన మసీదు మెట్ల మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటూ ఇద్దరి మాటా విన్నారు. పొరపాటుకు పాపం రాయరన్నారు. అయినా పరాయి వస్తువు పరాయిదే, తిరిగివ్వాలన్నారు. పాపం మనసును బట్టి, హక్కు వస్తువును బట్టి. గెలిచింది తానేనని ఎవరికి వాళ్ళం తలూపాం.

బావమరిది తన చెప్పు తిరగేశాడు. గాటు లేదు. నేను వేలితో తడిమి, అరగదీశావా అని అడిగాను.

ఇమాము గారు నవ్వుకుంటూ తన చెప్పు తొడుక్కోబోయి, ఎందుకో తిరగేసి చూశారు. నవ్వు ఆగిపోయింది.

"ఖురాను చదవడం నేర్పినందుకు మీ ఆవిడ ఇచ్చిందయ్యా ఒక జత," అన్నారు మెల్లగా. "ఇది నీదని... నా నియ్యత్ అయితే..."

నా చెప్పులు నేను లాక్కున్నాను. నేను తొడుక్కొచ్చిన ఆయన జత ఆయన ముందు పెట్టాను. వ్యవహారం తేలిపోయిందనుకున్నాను.

"వీధంతా నన్ను దొంగన్నావు, బావా," అన్నాడు మా వాడు.

"పొరపాటున అన్నాను."

"చెక్క కురచైందా, లేదా?"

ఇమాము గారు ఆకాశం వంక చూస్తున్నారు.

చెప్పులైతే తిరిగివ్వచ్చు. అన్న మాట ఎలా ఇవ్వాలి? మర్నాటి నుంచి కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ, రంపం ఆపి మరీ, మా బావమరిది దొంగ కాదని చెప్పాను. పదకొండు మంది ఊరుకున్నారు. పన్నెండోవాడు మాత్రం, "మరి దొంగెవరు?" అన్నాడు.

రంపం మళ్ళీ అందుకున్నాను. ఆ చెప్పుల ఊసు ఆ తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇక ఎత్తను.