తాళం వేసిన మాస్కులు

ఎస్తాయ్‌ని నేలమాళిగలోంచి తాళ్లతో పైకి లాగేసరికే ప్రాణం పోయింది. అతని మూతికి తడి చేతిరుమాలు తప్ప ఏమీ లేదు. వీధి అవతల గోదాములో, తాళం వెనక, పందొమ్మిది మాస్కులున్నాయి. ఆ పొద్దున్నే మా జట్టంతా వాటిని తగిలించుకున్నాం. రాజధాని నుంచి వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని కార్లెక్కారు. కార్లు మలుపు తిరగ్గానే కాంట్రాక్టర్ తోలెబెక్ అన్నీ విప్పించి లోపల పెట్టించాడు.

"ఖరీదైన సరుకు. మీ చేతుల్లో పడితే ఇంకేమన్నా ఉందా?" అన్నాడు.

జాయిక్ నది పొంగి తగ్గింది గానీ ఊరి మురుగంతా ఐదంతస్తుల ఇళ్ల నేలమాళిగల్లోనే నిలిచిపోయి విషవాయువు పట్టింది. మొదటి రోజుల్లో మేమంతా అసార్‌గా, అంటే కూలి అడగకుండా ఇరుగుపొరుగుకు సాయంగా మురుగు తోడడానికి దిగాం. తర్వాత తోలెబెక్ మమ్మల్ని పనిలో పెట్టుకున్నాడు. పెట్టుకున్నా ఆ మాట వదల్లేదు. "అసార్‌కొచ్చి మాస్కులడుగుతారా? సిగ్గులేదూ?" అనేవాడు. మాకు నిజంగానే సిగ్గేసేది. మా బుద్ధి గడ్డి తిని నోరు మూసుకున్నాం.

కింద ఉన్నవాడు బాగున్నానని పైపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. పైనున్నవాళ్లం బదులు కొట్టాలి. ఆ రోజు ఎస్తాయ్ రెండే కొట్టాడు. మూడోదాని కోసం పైపుకి చెవి ఆనించి కూర్చున్నది నేనే. ఇప్పటికీ ఇంట్లో వేడినీళ్ల పైపు టక్కుమంటే బదులు కొట్టడానికి నా చెయ్యి గరిటె అందుకుంటుంది. పిల్లలు నన్ను చూసి భయపడుతున్నారు. నాకూ భయంగానే ఉంది.

ఎస్తాయ్ పోయిన ఏడో రోజు భోజనాలకు తోలెబెక్ వచ్చాడు. చంకలో జరీ పనిచేసిన మఖమలు చపాన్లు, పొడుగాటి పైఅంగీలు. మనిషికి పెద్దరికం ఇవ్వాలంటే మేం భుజాల మీద చపాన్ కప్పుతాం. కప్పినదాన్ని తిరిగిచ్చినవాణ్ణి నేనెరగను. ముందు ఎస్తాయ్ భార్య బల్కియాకు కప్పాడు. ఆమెదీ మా జట్టే. తర్వాత ముసలి ఒరింబాయ్‌కి కప్పాడు.

"మీరు వీరులు! రేపు పన్నెండో నంబరు ఇంటి కిందికి దిగండి," అన్నాడు.

"మాస్కులిస్తావా?" అంది బల్కియా.

"చపాన్ కప్పినవాడితో బేరాలా అక్కా?"

"ఊరుకో తల్లీ," అని ఒరింబాయ్ గొణిగాడు. "పోయినవాడి పేరున తింటూ ఈ గొడవెందుకు? మర్యాద కాదు."

నాకు ఒళ్లు మండింది. "మర్యాదా? పెద్దాయనా, రేపు దిగేది నీ కొడుకు. వాడి మూతికి ఏం కడతావ్? ఈ జరీ అంచా?"

ముసలాయన టీ గిన్నె కింద పెట్టాడు. చపాన్ విప్పి, ఓపిగ్గా మడిచి, తోలెబెక్ ఒళ్లో పెట్టాడు.

"నాకు చలిగా లేదు నాయనా," అన్నాడు.

బల్కియా తనది విసిరికొట్టింది. మిగతావాళ్లం భుజాలు అందనివ్వలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గోదాము తాళం గునపంతో పగలగొట్టాం. వీధంతా చూస్తుండగా రబ్బరు సూట్లు, బూట్లు, మాస్కులు తొడుక్కున్నాం. ఒక మాస్కు మిగిలింది. దాని వంక ఎవరూ చూడలేకపోయాం.

"పని మానం. ఇవి తిరిగివ్వం," అని పన్నెండో నంబరు ఇంటివాళ్లకు చెప్పి కిందికి దిగాం. మాస్కులో నా ఊపిరి నాకే వినిపిస్తోంది. ఇదే ఊపిరి ఎస్తాయ్‌కీ దక్కేది కదా అని ఏడుపొచ్చింది.

గంటలో పోలీసులొచ్చారు.

"దొంగసొత్తు! అందరూ పైకి రండి!" అని సార్జెంట్ మెట్ల మీంచి అరిచాడు. రెండు మెట్లు దిగాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మళ్లీ పైకెక్కాడు.

"దిగి తీసుకో తమ్ముడూ," అంది బల్కియా, మోకాలిలోతు మురుగులో నిలబడి. "దిగేముందు నీ మాస్కేదో మీ పైవాణ్ణి అడుగు."

తర్వాత సార్జెంట్ వీధివైపు తిరిగి తన పైవాణ్ణి అడగడం మా అందరికీ వినిపించింది.

"మాకేవి సార్?"