మస్కట్ నీడ

మంగళవారం పొద్దున చెత్త బండి వచ్చేలోగా వీధిలో అందరి డబ్బాలూ గుమ్మాల ముందుకు వస్తాయి. రోజ్లిన్ తన డబ్బాను ఈడ్చుకొచ్చి నిలబెట్టింది. ఇంగ్లండులోని హాలిఫాక్స్ మీద మబ్బు కమ్మి ఉంది. వీధిలో ఎవరికీ నీడ లేదు, రోజ్లిన్‌కి తప్ప. మస్కట్‌లో అప్పటికి మిట్టమధ్యాహ్నం కాబట్టి ఆమె నీడ పాదాల దగ్గర పొట్టిగా, నల్లగా ముడుచుకుని ఉంది. దాని కింద మంచు కరిగి రాళ్లు తడిగా కనిపిస్తున్నాయి.

ఇరవై ఏళ్లు మస్కట్‌లోని బడిలో పాఠాలు చెప్పి, కిందటి ఆగస్టులో ఆమె పుట్టిన ఊరికి తిరిగొచ్చింది. సామానుతోపాటు నీడా వచ్చింది. అది మాత్రం గడియారం మార్చుకోలేదు. బస్సు స్టాపులో వరస చెదరకుండానే జనం వెచ్చగా ఉండే ఆ నీడలోకి కొద్దిగా ఒరిగేవారు.

"నీ నీడ ఇవాళ బాగా సాగిందే తల్లీ," అనేవాడు డ్రైవరు, చిల్లర ఇస్తూ. అంతకుమించి ఎవరూ మాట్లాడేవారు కాదు.

పక్కింటి అక్రాయిడ్ గారు ఒంటరి ముసలావిడ. సెప్టెంబరులో గోడ మీదుగా, "ఎప్పుడైనా టీకి రామ్మా," అంది. మర్నాడే రోజ్లిన్ ఖర్జూరాలు పట్టుకుని వెళ్లింది. ఆవిడ తలుపు సగమే తీసి, వాటిని అందుకుని, ఎంతో బాగున్నాయని మూడుసార్లు మెచ్చుకుని, తలుపు వేసేసింది.

చెల్లెలు ఫోనులో నవ్వింది. "పిలవడం ఉత్త మర్యాదకే అక్కా. వెళ్లమని ఎవరన్నారు? పుట్టింది ఇక్కడేగా, అదీ మర్చిపోయావా?"

ఆ తర్వాత రోజ్లిన్ ఎవరింటికీ వెళ్లలేదు. శీతకాలమంతా ఆమె మాట్లాడినవాళ్లలో డ్రైవరే ఎక్కువ. జనవరిలో మస్కట్ నుంచి పాత బడివాళ్లే ఫోన్ చేశారు. ఉద్యోగం ఖాళీ ఉంది, ఈ మంగళవారం సాయంత్రానికల్లా వస్తుందో లేదో చెప్పమన్నారు. వస్తాననే చెప్పాలనుకుంది.

చెత్త బండి వచ్చి వెళ్లింది. అక్రాయిడ్ గారి డబ్బా బయటికి రాలేదు. మధ్యాహ్నం దాటినా కిటికీ తెరలు తీయలేదు. ఎదురింటివాళ్లు చూశారు, పక్కవాళ్ల సంగతి మనకెందుకని ఊరుకున్నారు. మస్కట్‌లో ఉంటే ఏం చేసేదో రోజ్లిన్ అదే చేసింది. ఆవిడ పెరటి గేటు తోసుకుని లోపలికి వెళ్లింది.

అక్రాయిడ్ గారు గడ్డకట్టిన నేల మీద పడి ఉంది, చెత్త డబ్బా పక్కనే. తుంటి విరిగినట్టుంది.

"కదపొద్దు, దుప్పట్లు కప్పండి, వచ్చేసరికి కొంచెం ఆలస్యమవుతుంది," అన్నారు అంబులెన్సువాళ్లు ఫోనులో.

రోజ్లిన్ ఇంట్లోని దుప్పట్లన్నీ తెచ్చి కప్పింది. అయినా ముసలావిడ పెదాలు నీలంగానే ఉన్నాయి. అప్పుడు రోజ్లిన్ కాస్త పక్కకు జరిగి, తన నీడ ఆవిడ మీద మెడ నుంచి కాళ్ల దాకా పడేలా నిలబడింది. మస్కట్‌లో పొద్దు వాలుతోంది. నీడ పొడుగవుతోంది, పలచబడుతోంది. ఇక్కడ రెండు గంటలయ్యేసరికి అక్కడ సూర్యుడు దిగిపోతాడు.

కొంతసేపటికి ఆవిడ పెదాలకు రంగొచ్చింది.

"అక్కడ ఇంత ఎండా?"

"ఇది చలికాలం ఎండండీ."

"ఆ రోజు నిన్ను లోపలికి రమ్మనలేదని కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"సింకు నిండా అంట్లున్నాయమ్మాయ్. ఎలా రమ్మనేది?"

నీడ అంచులు చెదిరిపోతుండగా అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరుకు దారివ్వడానికి రోజ్లిన్ పక్కకు తప్పుకుంది. నీడ ఆమెతో రాలేదు. స్ట్రెచరు మీద ముసలావిడను అంటిపెట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం బడి నుంచి ఫోనొచ్చింది. రోజ్లిన్ దీపం వేయకుండా, ఒట్టి నేలకేసి చూస్తూ మాట్లాడింది. "రాలేనండీ. పక్కింటావిడ ఆసుపత్రిలో ఉంది. వచ్చే మంగళవారం ఆవిడ డబ్బా కూడా నేనే పెట్టాలి."

ఈస్టరు నాటికి అక్రాయిడ్ గారు చేతికర్రతో గుమ్మం దాకా వస్తోంది. మబ్బు పట్టిన ఒక పొద్దున, ఆవిడ పాదాల దగ్గరి పొట్టి నీడలో పిల్లి నిద్రపోతోంది. రోజ్లిన్ కోటు గుండీలన్నీ పెట్టుకుని, నీడ లేకుండా, డబ్బాలు రెండూ లోపలికి లాగుతోంది.

"టీకి రామ్మా," అంది అక్రాయిడ్ గారు.

"ఎప్పుడైనానా?"

"ఇవాళే. మస్కట్‌లో పొద్దు గూకేలోపల రా. ఆ తర్వాత ఇల్లు చల్లబడిపోతుంది."