ఇల్లుబండికి పెట్టిన కాపలా

అనుమానించడానికే శ్రీలతకు జీతమిస్తారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో ఎక్స్‌రే తెర ముందు కూర్చుని, బెల్టు మీద కదిలిపోయే పెట్టెల లోపల ఏముందో చూడడం ఆమె పని. మామిడిపండ్లని రాసి ఉన్న పెట్టెలో మామిడిపండ్లే ఉన్నాయా అని పన్నెండేళ్లుగా చూసి చూసి, ఇంట్లో చక్కెర డబ్బా మూత వంకరగా కనిపించినా ఎవరు తీశారని ఆరా తీసే అలవాటు పడింది.

ఆమె భర్త జగదీశ్ కూడా ఎయిర్‌పోర్టులోనే పనిచేస్తాడు. విమానాల కిందికి సామాన్ల బండ్లను లాక్కెళ్లే ట్రాక్టర్ నడుపుతాడు. కూతురు హాస్టల్లో చేరాక, ఎక్కడికైనా పోయి రావాలన్న కోరిక అతనికి పట్టుకుంది. అత్తాపూర్‌లో ఒకాయన కొనుక్కుని రెండుసార్లు వాడి వదిలేసిన చిన్న కారవాన్‌ను బేరం చేసి, తన బొలేరోకు తగిలించుకుని పాల్మాకులకు తెచ్చాడు. ఆటో కంటే కొంచెం పొడవు. లోపల ఇద్దరికి సరిపోయే పరుపు, కిటికీ కింద సామాన్లు పెట్టుకునే సన్నటి బల్ల, మూలన మూత ఉన్న చిన్న లెట్రిన్. ఊరి చివర జంగయ్యకు మూతపడ్డ కోళ్ల షెడ్డు ఒకటి ఉంటే, అందులో నిలిపాడు.

జగదీశ్ తల్లి దుర్గవ్వ దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి, "ఇల్లుబండి మంచిగుంది" అంది. ఎక్కి చూస్తానని కాలు ఎత్తబోతే, "వద్దమ్మా, నీ మోకాళ్లకు గా మెట్టు కాదు" అన్నాడు జగదీశ్. ఆమె సరేనని వెనక్కి తగ్గింది.

వానలు తగ్గాక సోమశిల పోవాలని, కృష్ణ ఒడ్డున కరెంటూ నల్లా లేనిచోట మూడు రోజులుండాలని అనుకున్నారు. అందుకని కొత్తూరులో లారీలకు, బస్సులకు వైరింగు చేసే శేఖర్‌ను పిలిచారు. అతను కొత్త బ్యాటరీ పెట్టాడు, పైకప్పు మీద సోలార్ పలక బిగించాడు, నీళ్ల మోటారు మార్చాడు. కప్పు మీది చిన్న కిటికీ దగ్గర వాననీళ్లు కారుతున్నాయి, ఆ పని ఇంకా మిగిలింది. ఒక తాళంచెవి అతని దగ్గర, ఒకటి శ్రీలత బ్యాగులో, మూడోది ఇంట్లో టీవీ పక్కన మేకుకు.

"వదినా, బ్యాటరీ నిండ చార్జింగ్ పెట్టిన, ట్యాంకు నింపిన" అన్నాడు శేఖర్ ఆదివారం సాయంత్రం. "షెడ్డు కింద ఎండ తగలదు గదా, సోలార్ పని చెయ్యదు. మూడు రోజులు ఏది ముట్టకుండ పెట్టుండ్రి. తగ్గలేదంటే నా పని సాఫున్నట్టు."

సోమవారం డ్యూటీ దిగి వస్తూ శ్రీలత షెడ్డు దగ్గర ఆగింది. లోపలి చిన్న మీటరు నూటికి ఎనభై ఆరు చూపిస్తోంది. ట్యాంకు తెల్లటి ప్లాస్టిక్‌ది, నీళ్లు బయటికే కనిపిస్తాయి. అవీ తగ్గినట్టే అనిపించింది.

"కొత్త బ్యాటరీ గదా, జర సర్దుకుంటది" అన్నాడు జగదీశ్, అన్నం కలుపుకుంటూ.

"సర్దుకుంటె నీళ్లు కూడ తగ్గుతయా?"

మంగళవారం శేఖర్ వచ్చి, ప్రతి వైరుకూ మీటరు పెట్టి చూశాడు. ఎక్కడా లీకు లేదు. పైపులు తడిమాడు. చుక్క కారడం లేదు. "ఎవరో వాడితెనే గిట్ల తగ్గుతది వదినా" అని, జంగయ్య ఇంటినుంచి వైరు లాగి బ్యాటరీని మళ్లీ నింపి పోయాడు. అతను పోయాక శ్రీలత ట్యాంకు మీద నీళ్ల గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టింది.

బుధవారం సాయంత్రానికి నీళ్లు ఆ గీతకు రెండు వేళ్ల కిందికి దిగాయి. మీటరు ఎనభై నాలుగు. లోపల పెట్టుకున్న కరెంటు కెటిల్ మూత తీస్తే అడుగున తడి ఉంది.

ఎవరో వాడితేనే అని శేఖరే అన్నాడు. శ్రీలతకు ఆ మాట చెవిలో తిరిగింది. దొంగ సామాను పంపేవాడే ముందుగా వచ్చి, మేడం, జర మంచిగ చూడుండ్రి అనడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు! తాళం అతని దగ్గరుంది. కొత్తూరునుంచి రోజూ ఈ దారినే పోతాడు. మధ్యాహ్నం ఎండలో ఫ్యాను కింద నడుం వాల్చి, టీ కాచుకుని తాగిపోతే అడిగేదెవరు? ఒక్కడే వస్తున్నాడో, నలుగురిని వెంటేసుకుని వస్తున్నాడో.

గురువారం పొద్దున్నే శేఖర్ కప్పు మీది కిటికీ ఊడదీసి పని మొదలుపెట్టాడు. శ్రీలత డ్యూటీ బట్టల్లోనే వెళ్లి నిచ్చెన పక్కన నిలబడింది.

"నీ కాడున్న తాళంచెవి ఇయ్యి శేఖర్."

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు.

"దీనికి డూప్లికేట్ గిట్ల చేయించినవా?"

శేఖర్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నిచ్చెన దిగాడు. "నేనెందుకు చేయిస్త?"

"బండ్ల ఎవరో పంటున్నరు. టీ కాస్తున్నరు. నాకు ఒక్క తాళం, నీకు ఒక్క తాళం. మా ఇంట్లోది మేకుకుంది. ఇగ నువ్వే చెప్పు."

శేఖర్ మళ్లీ నిచ్చెనెక్కి, కిటికీ ఊడిన చోట ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు మూలలా టేపు అతికించాడు. సామాను సంచిలో వేసుకుని, బైకు స్టార్ట్ చేస్తూ, "మిగిలిన పని ఇంకెవరితోనన్న చేయించుకోండి మేడం" అని పోయాడు.

తప్పు చేసినవాడే గదా కోపం తెచ్చుకునేది అనుకుంది శ్రీలత.

ఆ ధైర్యం ఒక్కరోజే నిలిచింది. శుక్రవారం సాయంత్రం వెళ్లి చూస్తే నీళ్లు ఇంకో వేలు తగ్గాయి. పరుపు మీద ఆమె మడిచి పెట్టిన దుప్పటి అడ్డంగా కాక నిలువుగా మడిచి ఉంది. దిండుకు కొబ్బరినూనె వాసన. శేఖర్ తాళం తన బ్యాగులోనే ఉంది. తాళంకప్పకు గీతలు లేవు. ఆమె ఆ దిండు పట్టుకుని అక్కడే చాలాసేపు కూర్చుంది. మేకు మీది తాళం తీసుకుని ఆ మెట్టు ఎక్కగలిగింది జగదీశ్ ఒక్కడే. కానీ అతను తలకు నూనె రాయడు. మరి ఈ తల ఎవరిది?

ఆ రాత్రి భోజనాల దగ్గర అతని మొహం చూస్తూ కూర్చుంది. ఆమె అడిగిన దానికే అతను జవాబు చెప్పాడు. రెండుసార్లు ఫోను మోగితే బయటికి పోయి మాట్లాడి వచ్చాడు.

శనివారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో జగదీశ్‌తో పాటు ట్రాక్టర్ నడిపే ఈశ్వరయ్య ఎదురయ్యాడు. "జగదీశ్ తినొచ్చిండా అన్నా?" అని అడిగింది.

"ఏడ చెల్లె, పన్నెండు గంటలకే పర్మిషన్ తీస్కొని పోయిండు గదా."

శ్రీలత పక్కకు వచ్చి ఫోను చేసింది. "ఏడున్నవ్?"

"డ్యూటీల ఉన్న, మల్ల చేస్త" అన్నాడు జగదీశ్. వెనక లారీ హారన్ వినిపించింది. రన్‌వే పక్కన లారీ హారన్ ఎందుకుంటుంది?

కడుపునొప్పి అని సూపర్‌వైజర్‌కు చెప్పి ఆమె బయటపడింది. ఆటోలో కూర్చున్నంతసేపూ ఏమనాలో కూడబెట్టుకుంది. అతను బండికి తెచ్చుకునే ఆడమనిషి ఎవరో అడగాలా, ఎన్నాళ్లనుంచో అడగాలా? లేక ఏమీ అనకుండా తలుపు తీసి నిలబడితే చాలా? షెడ్డుకు కొంత దూరంలోనే ఆటో దిగి, నడిచి వెళ్లి, మూలన పేర్చిన కోళ్ల దాణా డబ్బాల వెనక నిలబడింది. కారవాన్‌కు బయట తాళం వేసే ఉంది. ఇంకా రాలేదన్నమాట.

రెండు దాటాక అడుగుల చప్పుడయింది. ఒక్క మనిషిదే. మెల్లగా, ఒక కాలు ఈడుస్తూ.

వచ్చింది దుర్గవ్వ.

ఆ వేళకు ఆమె రోజూ భజన మండలికి పోతానని ఇంట్లోంచి బయల్దేరుతుంది. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. తలుపు తెరిచి, మెట్టు ముందు వెనక్కి తిరిగి నిలబడింది. ముందు గడప మీద కూర్చుని, కుడికాలు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, తర్వాత ఎడమకాలు లాక్కుంది. ఊపిరి తీసుకుంది. లోపల ఫ్యాను తిరగడం మొదలైంది.

శ్రీలత కిటికీ దగ్గరికి వచ్చి చూసింది. దుర్గవ్వ కెటిల్‌లో నీళ్లు పట్టి స్విచ్ వేసింది. పరుపు మీద దుప్పటి విప్పి, దిండు తీసుకుని, సామాన్ల బల్ల మీద పరుచుకుంది. దాని మీద నిదానంగా పక్కకు ఒరిగి పడుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. బల్ల అంచు పట్టుకుని లేచి, మూలన ఉన్న లెట్రిన్ దాకా నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని కూర్చుని, లేవలేక, మళ్లీ ప్రయత్నించి లేచింది. ఆ తర్వాత మళ్లీ బల్ల మీద పడుకుంది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అదంతా ఇంకోసారి చేసింది.

శ్రీలత తలుపు దగ్గరికి వెళ్లింది. "అత్తమ్మా."

దుర్గవ్వ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. పట్టుబడ్డట్టు దుప్పటి మడవడం మొదలుపెట్టింది, నిలువుగా.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా? రోజు ఇక్కడికేనా?"

"ఖరాబ్ చెయ్యలేదు బిడ్డా. జర టీ తాగిన గంతే."

"అది కాదు. ఎందుకు?"

దుర్గవ్వ దుప్పటి ఒళ్లో పెట్టుకుంది. "నేను గూడ వస్త అని అడుగుదామనుకున్న. అడిగినంక మెట్టు ఎక్కకపోతే, లెట్రిన్‌ల నుంచి లెవ్వకపోతే? వాడు పరేషాన్ అయితడు, నీకు మధ్యల నన్ను లేపుడే పనైతది. అందుకే, నాతోని అయితదా కాదా అని నేనే చూస్కుంటున్న. మొన్నటిదాక లేస్తుంటె కింద కూలబడ్డ. ఇయ్యాల రెండుసార్లు లేసిన."

"అడిగితే మేం వద్దంటమా?"

"వాడు ముందుగాలనే వద్దన్నడు గదా."

శ్రీలత లోపలికి వచ్చి ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది.

"పెండ్లిళ్లకు పోయిన, చావులకు పోయిన" అంది దుర్గవ్వ. "ద్రాక్షతోటలకు కూలికి పోయిన. ఎయిర్‌పోర్టుల ఊడ్వనీకి పదేండ్లు పోయిన. ఉత్తగ పోయింది ఒక్కదినం లేదు. ఎట్లుంటదో చూద్దామని."

కెటిల్‌లో నీళ్లు మరిగి స్విచ్ దానంతటదే టక్కున ఆగింది. ఉన్నది ఒకటే గ్లాసు. దుర్గవ్వ టీ కలిపి, సగం కెటిల్ మూతలో పోసి కోడలికిచ్చింది.

సాయంత్రం జగదీశ్ ఇంటికి వచ్చాక సంగతి బయటపడింది. అతను మధ్యాహ్నం కొత్తూరు పోయి, శేఖర్‌ను బతిమాలి వచ్చాడు. శుక్రవారం రాత్రి ఫోన్లు కూడా శేఖర్‌వే. చెబితే శ్రీలత ఒప్పుకోదని డ్యూటీలో ఉన్నానని అబద్ధం ఆడాడు. శ్రీలత కూడా దుర్గవ్వ సంగతి చెప్పింది, తను ఏమనుకుందో దాచలేదు. జగదీశ్ మొదట పగలబడి నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, "నిజంగనే గట్లనుకున్నవా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంకోసారి అడిగాడు. ఆ వారమంతా ఇద్దరి మధ్యా మాటలు కొలిచినట్టే నడిచాయి.

ఆదివారం శ్రీలత ఒక్కతే కొత్తూరు వెళ్లింది. శేఖర్ ఒక లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు. బయటికి వచ్చేదాకా ఆమె ఎండలో నిలబడింది.

"తప్పు నాదే శేఖర్. బండి వాడింది మా అత్తమ్మ. మాతోని రానీకి మెట్టు ఎక్కుడు, బల్ల మీద పండుడు, లెట్రిన్‌ల నుంచి లేచుడు నేర్చుకుంటున్నది. నేను సోంచాయించకుండ నీ మీద మాట వేసిన."

శేఖర్ చేతుల నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. "అన్న చెప్పిండు, మీరు గట్లనే అంటరని, పట్టించుకోవద్దని. కానీ నా వర్కర్ల ముందు గానీ, ఎక్కడ గానీ, నన్ను ఇప్పటిదాక ఎవరు తాళంచెవి వాపస్ ఇయ్యమని అడగలేదు మేడం. రెండు రోజులు నిద్ర పట్టలే."

"మాఫ్ చెయ్యి" అంది శ్రీలత.

అతను గుడ్డను లారీ టైరు మీద పడేశాడు. "అవ్వ మోకాలు నేలకెంత ఎత్తుంటది?"

"కొలవలేదు."

"కొలిచి చెప్పుండ్రి. రెండో మెట్టు చేస్త. లెట్రిన్ పక్కకు గోడకు ఒక కడ్డీ, తలుపు కాడ ఒక కడ్డీ కావాలె. బల్ల ఒక జానెడు వెడల్పు చెయ్యొచ్చు."

వారం రోజుల్లో వచ్చి అన్నీ బిగించాడు. కప్పు మీది కిటికీ కూడా పూర్తి చేసి, పైన రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి చూపించాడు. చుక్క దిగలేదు. శ్రీలత తెచ్చిన టీ మాత్రం తాగలేదు. టైమ్ అయితుంది అని పోయాడు.

నవంబరులో ముగ్గురూ సోమశిల వెళ్లారు. దుర్గవ్వ బల్ల మీద, జగదీశ్, శ్రీలత పరుపు మీద పడుకున్నారు. తెల్లవారేసరికి శ్రీలతకు మెలకువ వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. తలుపు తీసి ఉంది. చెప్పులు వేసుకోకుండానే బయటికి పరుగెత్తింది.

దుర్గవ్వ నీళ్ల ఒడ్డున రాయి మీద కూర్చుని ఉంది. ఎదురుగా గుండ్రటి పుట్టి పడవలోంచి దిగిన ఒకామె బుట్టతో నిలబడి ఉంది. ఆమె చెప్పిన ధరకు దుర్గవ్వ తల అడ్డంగా ఊపుతోంది. బుట్టలో చేపను తోక పట్టి ఎత్తి, మొప్పలు తెరిచి చూసి, కింద పడేసి ఇంకోటి ఎత్తింది.

"శ్రీలతా, గిన్నె పట్టుకరా" అని కేకేసింది. "గీమె ఇవి ఇయ్యాల పట్టినయే అంటున్నది. నువ్వొచ్చి జర చూడు."

శ్రీలత గిన్నె తేవడానికి లోపలికి వెళ్లింది.