సిస్టరమ్మ

గంజులో అన్నం అడుగంటకుండా పెద్ద గరిటెతో కలుపుతున్న పుష్పకు చెమట కళ్లలోకి కారుతోంది. ధర్మపురి పోయే రోడ్డుకు నడిమధ్యన రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. ఆరోజు వంటావార్పు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, బండ్లను కదలనివ్వకపోవడం. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై పక్షం దాటింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటలేదు. కోరుట్ల పక్క ఊళ్లో పంతులమ్మ అయిన పుష్ప కూడా సమ్మెలోనే ఉంది. ఆమె మొగుడు ప్రభుదాస్ కూడా పంతులే, పైగా సమ్మె నడిపే మండల జేఏసీకి పెద్ద. కాస్త దూరంలో మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. "మన మీద ఇంకొకడు పెత్తనం చేసుడేంది? మనకు ఇజ్జత్ లేదా?" చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పొయ్యిల దగ్గర ఉన్న ఆడవాళ్లకు మాత్రం చేతులు ఖాళీగా లేవు.

సమ్మె మొదలైనప్పటి నుంచి ఇల్లు సత్రమైంది. పొద్దున చాయలతో మొదలై, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, తిన్న కంచాలు, తాగిన గ్లాసులు. నడుము పడిపోతోందని ఒకరోజు అంటే, "ఇంట్లనే ఉంటున్నవ్ గదా, బడి గూడ లేదాయె, ఏం కష్టమైతాంది?" అన్నాడు ప్రభుదాస్. "నేను గూడ సమ్మెలనే ఉన్న" అంది పుష్ప నోరు జారి. ఆయన పడీపడీ నవ్వాడు. ఆ మాట ముందుగదిలోకి తీసుకెళ్లి చెప్పి, అక్కడున్న అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు ఆగకముందే ఇంకో దఫా చాయ్ పెట్టమని కేకేశాడు.

తిండ్లయ్యాక, ఆడవాళ్లు గంజులు తోముతుంటే, ప్రభుదాస్ తోటి పంతులు బాలరాజు సారు రోడ్డు అవతలి గేటు చూపించాడు. "గా మఠాన్ని మ్యూజియం జేసిండ్రట. తోట మస్తుగుందట. సూసిపోదాం పాండ్రి."

పుష్ప చేతిలో పీచు ఆగిపోయింది. ఎప్పుడో విదేశాల నుంచి వచ్చిన కన్యాస్త్రీలు కట్టుకున్న మఠం అది. వాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి తాళం పడ్డాక, ట్రస్టువాళ్లు మ్యూజియంగా మార్చారు. పుష్ప పదో తరగతి దాకా అక్కడి హాస్టల్లోనే చదువుకుంది. పెళ్లయ్యాక ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో పోయిందో! ఒక్కసారి దిగి చూద్దామని అడిగితే, "గాడ ఏమున్నది, సచ్చిపోయిన ముసలోళ్ల మంచాలు తప్ప" అని అత్త లక్ష్మవ్వ తీసిపారేసింది. మొగుడు అసలు జవాబే ఇవ్వలేదు.

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుంపు వెనకే లోపలికి నడిచింది. చెట్లన్నీ ఉన్నాయి. ప్రతి మానుకూ పేరు రాసిన రేకు కట్టారు. నాగలింగం పూలు నేలంతా రాలి ఉన్నాయి. నిమ్మగడ్డి మడి దగ్గర వంగి ఒక ఆకు నలిపి వాసన చూసింది. హాస్టల్ పిల్లలు పొద్దున్నే లేచి బకెట్లతో నీళ్లు పోసేవాళ్లు. ఆ పని ఎంత చేసినా, చేశావా లేదా అని కసిరినవాళ్లు లేరు, చేస్తే మెచ్చుకున్నవాళ్లున్నారు. పదో తరగతి అయ్యాక తానూ ఇక్కడే ఉండిపోతానని, కన్యాస్త్రీనవుతానని ఆమె అంటే, తండ్రి వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. పెళ్లయిన కొత్తలో, అప్పటికింకా మొగుడంటే మనసు విప్పి చెప్పుకునే మనిషి అనుకుంది కాబట్టి, ఆ సంగతి ప్రభుదాస్‌కు చెప్పింది. అప్పటి నుంచి ఆయనకు ఆమె సిస్టరమ్మ. కూరలో ఉప్పు ఎక్కువైనా సిస్టరమ్మే, ఒళ్లు నొప్పులని పక్కకు తిరిగి పడుకున్నా సిస్టరమ్మే.

మేడ కింద వరుసగా గదులు. ఒక గది తలుపు తీసి ఉంది. ఇనుప మంచం, చిన్న స్టూలు, గోడకు కర్ర సిలువ, తోటవైపు కటకటాల కిటికీ. ఒక్క మనిషికి సరిపడా గది. పుష్ప గడప దాటి లోపల నిలబడింది.

"సూసిండ్రా, గిది మా ఆమె గది కావాల్సుండె" అన్నాడు ప్రభుదాస్, వెనక నుంచి, మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే. "నేను జేసుకోకపోతే గీడ్నే ఎండిపోయేది. జేసుకున్న గని ఏం ఫాయిదా? ఇప్పటికీ రాత్రయితే సిస్టరమ్మే. దండం వెట్టి గోడ దిక్కు తిరుగుతది."

మగవాళ్లు ఘొల్లుమన్నారు. పుష్ప బడిలోనే పనిచేసే శాంత టీచర్, ఇంకొందరు ఆడవాళ్లు తల దించుకున్నారు, కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంటర్ చదివే కూతురు అనూష అక్కడే ఉంది. పుష్ప మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక బయటికి రాబోయింది. ఆయన భుజం మీద చెయ్యేసి మంచం మీద కూర్చోబెట్టాడు. "కూసో, కూసో. ముచ్చట తీరెదాక కూసో." తలుపు దగ్గరికి లాగి బయట గొళ్లెం పెట్టాడు. వరండాలో మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో అనూష నవ్వు కూడా ఉంది. కన్నతల్లికి ఆ గొంతు గుర్తుపట్టడానికి ఎంతసేపు!

అప్పుడే ఎవరిదో ఫోను మోగింది. సిరిసిల్లలో రాస్తారోకో దగ్గర మనవాళ్లను పట్టుకుపోయారట. వరండా అంతా పరుగులు. "అమ్మ ఏది నాన్నా?" అని అనూష అడగడం వినిపించింది. "ముందు బండిల ఎక్కినట్టుంది, నడు నడు" అన్నాడు ప్రభుదాస్. గేటు అవతల బండ్లు స్టార్టయిన చప్పుడు, నినాదాలు, ఆ తర్వాత ఏమీ లేదు.

పుష్ప తలుపు బాదింది. ఫోను సంచిలో ఉంది, సంచి గంజులతో పాటు బండిలో ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది, తోటలో ఒక్క మనిషి లేడు. వస్తాడు, గుర్తొచ్చి తిరిగి వస్తాడు అనుకుంటూ కటకటాలు పట్టుకుని నిలబడింది. ఎండ మంచం మీది నుంచి గోడ మీదికి పాకింది. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉండడంతో ఒంటికి కూడా పోలేదు. బిగబట్టింది. కాళ్లు మెలేసుకుని, పళ్లు కరుచుకుని, ప్రభువును తలుచుకుని బిగబట్టింది. చివరికి తన వల్ల కాక, ఏడుస్తూ, గది మూలకు కూర్చుంది. ఎదిగిన బిడ్డ తల్లి, బడిలో యాభై మంది పిల్లలకు టీచరమ్మ, సిలువ కింద. తర్వాత చీర కుచ్చిళ్లతో నేలంతా తుడిచింది. ఆ తడి కుచ్చిళ్లతోనే మళ్లీ మంచం అంచున కూర్చుంది. ఏడుపు ఆగిపోయింది. ఇక లోపల భయపడడానికీ ఏమీ మిగల్లేదు.

పొద్దు వంగాక, సాయంత్రాలు వచ్చి చెట్లకు నీళ్లు పట్టే నర్సవ్వ గదులకు తాళాలు వేస్తూ వచ్చింది. తలుపు తీసి, చూసి, అడుగు వెనక్కి వేసింది. నేల చూసింది, చీర చూసింది. పోయి బకెట్‌తో నీళ్లు, తన పాత చీర ఒకటి తెచ్చిపెట్టింది. పుష్ప నేల కడుగుతుంటే అప్పుడు అడిగింది.

"గొళ్లెం ఎవలు వెట్టిండ్రు బిడ్డా?"

"మా ఆయన."

"మర్సిపోయిండా?"

పుష్ప బకెట్ వంచి మిగిలిన నీళ్లు మూలన పోసింది. మరిచిపోయాడనడం కూడా ఆయనను వెనకేసుకు రావడమే అనిపించింది.

నర్సవ్వ ఫోను నుంచి మొగుడికి చేసింది. వెనకాల గంపెడు మంది సందడి.

"ఏడ సచ్చినవే? ముందు బండిల ఉన్నవనుకున్న!"

"నువ్వే గొళ్లెం వెట్టినవ్."

"పరాష్కానికి, నవ్వులాటకు వెట్టిన. దానికే లొల్లి జేస్తవా? సరేగని, ఆటో గీటో దొరుకుతదేమో సూసుకో. సిరిసిల్ల నుంచి ఇరవై మందొచ్చిండ్రు, తిని పోతరు. నువ్వు లేకుంటేంది, బిడ్డ లేదా? అనూష వొండుతాంది. గని దానికేం నేర్పినవే? బియ్యానికి నీళ్లు గూడ తెల్వదు. ఇగో, జెరంత చెప్పు." ఫోను చేతులు మారింది.

"అమ్మా…" అంది అనూష. "గింతమందికి నీళ్లెన్ని పొయ్యాలె? మూత తీస్తుంటె చెయ్యి కాలింది."

వెనక ప్రభుదాస్ ఏదో చెబుతున్నాడు. సిస్టరమ్మ అన్న మాట మధ్యలో వినబడింది. అందరూ నవ్వారు.

"ఏమని నవ్వుతున్నరు?" అంది పుష్ప.

అనూష ముక్కు ఎగబీల్చింది. "నేను గూడ నవ్విన గదమ్మా, గా గది కాడ" అంది, చాలా చిన్నగా.

పుష్ప తోటవైపు చూసింది. ఎన్ని నీళ్లు పోయాలో ఆమెకు తెలుసు. ఇరవై మందికైనా నలభై మందికైనా కళ్లు మూసుకుని చెప్పగలదు. నోటి దాకా వచ్చింది కూడా. చెబితే ఈ రోజుకు అన్నం ఉడుకుతుంది. రేపు కూడా అనూషే వండుతుంది.

"బిడ్డా, పొయ్యి బంద్ జెయ్యి."

"అమ్మా, అందరు ఆకలిమీదున్నరు. నాన్న కొడ్తడు."

"బంద్ జేసి శాంత టీచర్ ఇంటికి పో. నేను గూడ ఆడికే వస్త. అడిగితే నేను జెప్పిన్నని చెప్పు, భయపడకు. జెయ్యి."

ఫోనులో చాలాసేపు మగవాళ్ల మాటలే వినిపించాయి. ఆ తర్వాత, గ్యాసు మీట తిరిగిన చిన్న చప్పుడు.