తడవని ఎర్రచొక్కా

పెద్దమ్మ తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. కాటాలో మోసముందో లేదో కొట్టువాడు నమస్కారం పెట్టే తీరును బట్టే చెప్పగలదని ఆఫీసులో పేరుండేది. అందుచేత, చెల్లెలి కుటుంబంతో కలిసి ఆ సముద్రపు ఒడ్డు హోటలులో దిగిన మొదటి రోజున, అందరూ నీళ్ళను చూస్తూంటే ఆమె మాత్రం ఇసుకలో ఎత్తు కుర్చీ మీద కూర్చున్న లైఫ్‌గార్డును చూసింది. ఎర్రచొక్కా, మెడలో ఈల, నల్లకళ్ళద్దాలు. సాయంత్రం దాకా ఆ చొక్కా తడవలేదు. చొక్కా మాట అటుంచి, అల ఒకటి కుర్చీ దాకా వస్తే అతను కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

“మరిదిగారూ, ఆ మనిషికి నీళ్ళంటే పడదు,” అంది.

చెల్లెలి భర్త ఇసుకలో వెల్లకిలా పడుకుని నవ్వాడు. “ఇక్కడ కూడా తనిఖీయేనా వదినగారూ? సముద్రం తూకం తక్కువొచ్చిందా?”

“పొద్దున్నుంచి ఒక్కసారి కూడా దిగలేదు.”

“ఎవరూ మునగలేదుగా. అది అతని తప్పంటే ఎలా?”

“అక్క రిటైరైంది గానీ అక్క కళ్ళు కాలేదు,” అంది చెల్లెలు, కూతురి వీపుకు ఎండ తగలకుండా క్రీము రాస్తూ.

ఆ కూతుర్ని ఇంట్లో పిచ్చిక అంటారు. పన్నెండేళ్ళది. స్కూలు స్విమ్మింగ్‌పూల్‌లో పతకం తెచ్చుకున్ననాటి నుంచి నేల మీద నడవడం తన స్థాయికి తగిన పని కాదన్నట్టు ఉంటుంది. పెద్దమ్మకు పిల్లలు లేరు. తనిఖీ చెయ్యకుండా ఆమె నమ్మే మనిషి లోకంలో ఎవరైనా ఉంటే, అది పిచ్చికే.

హోటలు మెట్ల దగ్గర రంగు వెలిసిన బోర్డు ఒకటి ఉంది. పెద్దమ్మ పిల్లను దాని ముందు నిలబెట్టింది.

“చదువు.”

“నీరు లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి. కంగారుపడకుండా తేలండి. పక్కకు ఈది, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రండి. చదివేశా పెద్దమ్మా.”

“ఇప్పుడు బోర్డు చూడకుండా చెప్పు.”

“ఇది హాలిడేనా, స్కూలా?”

“చెప్పు.”

పిచ్చిక మూతి ముడుచుకుని చెప్పింది.

ఆ రాత్రి భోజనాల హాలులో నల్లకోటు వేసుకున్న ఒక సర్వరు వచ్చి గ్లాసులలో నీళ్ళు పోశాడు. కళ్ళద్దాలు లేకపోయినా పెద్దమ్మ అతన్ని గుర్తుపట్టింది. అద్దాలున్న మేర తప్ప ముఖమంతా ఎండకు కమిలిపోయి ఉంది.

“పగలంతా బీచ్‌లో, రాత్రి ఇక్కడ. నిద్రెప్పుడు పోతావు బాబూ?”

“షిఫ్టులండీ,” అన్నాడతను. జగ్గు తొణికి నీళ్ళు మేజాగుడ్డ మీద పడ్డాయి. ఎవరూ పిలవకుండానే మేనేజరు టేబులు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

“ఏమైనా ఇబ్బందా మేడమ్?”

“ఇంకా లేదు,” అంది పెద్దమ్మ.

చెల్లెలు బల్ల కింద అక్క కాలు నొక్కింది. పెద్దమ్మ కాలు వెనక్కి తీసుకుందే గానీ చూపు తీసుకోలేదు. పిలవకముందే వచ్చే మర్యాదను ఆమె ఉద్యోగంలో చాలాసార్లు చూసింది.

మరునాడు ఉదయం గాలి పెరిగి అలలు ఒకదానిమీద ఒకటి విరుగుతున్నాయి. వాటి మధ్య ఒకచోట మాత్రం నీరు ముదురు రంగులో, దాదాపు అలలే లేకుండా, బాట పరిచినట్టు ఉంది. మరిది ఆ చోటు చూపించి గార్డును కేకేసి అడిగాడు.

“ఇక్కడ దిగొచ్చా?”

గార్డు తల ఊపాడు. తండ్రీకూతుళ్ళు దిగారు.

పెద్దమ్మ ఆ నీటినే చూస్తూ నిలబడింది. అన్ని చోట్లా నురగ ఒడ్డుకు వస్తోంది. ఆ బాటలో మాత్రం నురగ వెనక్కి, సముద్రంలోకి పోతోంది. ఆమె గబగబా కుర్చీ దగ్గరికి నడిచింది. కుర్చీ కింద, మునిగేవాళ్ళకు అందించే ఎర్రని తేలుడు గొట్టం ఉంది. కొన్ననాటి ప్లాస్టిక్ సంచి ఇంకా విప్పలేదు.

“బాబూ, మా పిల్లని బయటికి పిలవాలి. నువ్వు దిగి తీసుకురా.”

“డ్యూటీలో దిగకూడదండి.”

“డ్యూటీలో దిగకూడదా? మరి నీ డ్యూటీ ఏమిటి?”

అతను కళ్ళద్దాలు తీశాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. “నాకు ఈత రాదండి. అసలు గార్డు సీజను మొదట్లోనే మానేశాడు. చొక్కా వేసుకుని కూర్చో చాలన్నారు. కాదంటే హాల్లో పని కూడా పోతుందన్నారు.”

“ఎవరైనా మునిగితే?”

“ఈల ఊదమన్నారండి.”

అప్పటికే మరిది నడుము లోతులో నిలబడి అరుస్తున్నాడు. పిచ్చిక తల అతనికి దూరంగా, ఇంకా దూరంగా జరిగిపోతోంది. పిల్ల ఒడ్డు వైపే చేతులు వేస్తోంది, ఎంత వేస్తున్నా వెనక్కే పోతోంది. తండ్రి ముందుకు దూకబోయాడు.

“ఆగండి మరిదిగారూ. మీరూ పోతే ఇద్దర్ని వెతకాలి.”

ఆమె గార్డు మెడలోని ఈల లాక్కుని, ఊపిరున్నంత సేపూ ఊదింది. పిల్ల తల తిప్పి ఇటు చూసింది. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి, ఒకే పక్కకు, మళ్ళీ మళ్ళీ ఊపింది. ఒక అల పిల్లను కప్పేసింది. తరువాత పిచ్చిక వెల్లకిలా తేలుతూ కనిపించింది. కాసేపు అలాగే తేలి, నెమ్మదిగా పక్కకు ఈదడం మొదలుపెట్టింది. అలలు విరిగే చోటికి చేరగానే ఆ అలలే ఆమెను తోసుకొచ్చి, చాలా దూరాన ఇసుక మీద పడేశాయి.

తల్లి పరుగెత్తి పిల్లను చుట్టేసుకుంది. పిచ్చిక ఉప్పునీళ్ళు కక్కి, వెనకాలే వచ్చిన పెద్దమ్మను చూసి, “ముందు మర్చిపోయా, తర్వాత గుర్తొచ్చింది,” అంది. పెద్దమ్మ తువ్వాలు తీసి పిల్ల తల తుడిచింది.

మేనేజరు పళ్ళరసం గ్లాసు పట్టుకుని వచ్చాడు. “పాపకేం కాలేదు కదా మేడమ్. దేవుడి దయ.”

“దేవుడికి జీతమిస్తున్నారా మీరు?”

“కొత్త గార్డు కోసం చూస్తున్నాం మేడమ్. దొరికేదాకా...”

“దొరికేదాకా కుర్చీ ఖాళీగా ఉంచండి.”

“ఖాళీ కుర్చీ చూస్తే గెస్టులు భయపడతారండీ.”

“భయపడితే మోకాళ్ళ లోతులో ఆగుతారు. మా మరిదిగారు ఎందుకు ఆగలేదు? ఈ చొక్కాని నమ్మి. కాటా లేని కొట్టు మీద నేనెప్పుడూ కేసు రాయలేదు. దొంగకాటా పెట్టిన వాడి మీదే రాశాను.”

“పోనిద్దురూ వదినగారూ, వెళ్ళిపోదాం,” అన్నాడు మరిది. అతని ముఖంలో ఇంకా రక్తం లేదు.

“మీరు సామాను సర్దండి. మనం వెళ్ళాక ఈయన ఇంకొకడికి తొడుగుతాడు ఆ చొక్కా.”

మేనేజరు చూపు ఒక్క క్షణం, మెట్ల పక్కన మొక్కలకు నీళ్ళు పోస్తున్న తోటమాలి వైపు పోయి వచ్చింది. ఆమెకు అది చాలు. కుర్చీ నిచ్చెన పట్టుకుని, మోకాళ్ళు మూలుగుతున్నా పైకెక్కి కూర్చుంది.

“దిగండి మేడమ్. పోలీసుల్ని పిలవాల్సొస్తుంది.”

“పిలవండి. నేను పిలిస్తే ఆలస్యంగా వస్తారు, మీరు పిలిస్తే త్వరగా వస్తారు.”

గాలితో ఊదిన ట్యూబులు పట్టుకుని ఒక కుటుంబం మెట్లు దిగుతోంది. తండ్రి ప్రశాంతంగా ఉన్న ఆ నీటినే చూసి అటు నడిచాడు. పెద్దమ్మ ఈల నోట పెట్టుకునే లోగా సర్వరు ఎర్రచొక్కా విప్పి ఇసుకలో పడేసి, బనియనుతో వెళ్ళి వాళ్ళకు అడ్డం నిలిచాడు.

“ఇక్కడ దిగకండి సార్, నీరు లోపలికి లాగుతుంది. నేను గార్డుని కాదు, నాకు ఈత రాదు. ఈ హోటల్లో గార్డు లేడు.”

ఆ మాటకు చుట్టుపక్కల నీళ్ళలో ఉన్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. తల్లులు పిల్లల్ని రెక్క పట్టి ఒడ్డుకు లాగుతున్నారు. మేనేజరు ఫోను తీశాడు. ఎవరికీ చెయ్యకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పెద్దమ్మ పైనుంచి పిచ్చికను పిలిచింది. “లోపలికెళ్ళి ఫోను తీసుకురావే. పోలీసులకి నేనే చేస్తాను. ఆయన చెయ్యడు.”